ఇసుకగాలి ఊళ్లో తోలుసంచి

తోలు సంచినీ, పర్సునీ, బెల్టునీ పాడుచేసేవి నాలుగు: ధూళి, ఎండ, చెమట, తేమ. వీటిలో ఏది ముందు, ఏది వెనక అన్నది ఊరిని బట్టి మారుతుంది. ఖరీదైన బ్యాగు కొంటే లోపల మడిచిపెట్టి వచ్చే కాగితంలో ముప్పాతిక వంతు తేమ గురించే ఉంటుంది. వానా మంచూ ఎక్కువున్న దేశాల్లో రాసిన కాగితం అది. అనంతపురం జిల్లా కణేకల్‌లో ఆ వరస తలకిందులు. ఇక్కడ మొదటి పేచీ ఇసుకతో, రెండోది ఎండతో. తేమ వంతు ఏడాదిలో రెండు నెలలకు మించదు.

కణేకల్ పక్కన పారేది వేదవతి. ఊళ్లో దాని పేరు హగరి. ఎగువన కర్ణాటకలో వాణీవిలాస సాగరం, జిల్లాలోకి వచ్చాక భైరవానితిప్ప ప్రాజెక్టు నీళ్లు పట్టేసుకోవడంతో దిగువన ఏడాదిలో ఎక్కువ రోజులు ఏట్లో కనిపించేది ఇసుకే. నైరుతి గాలి లేచిందంటే ఆ ఇసుక కణేకల్, బొమ్మనహాళ్ మండలాల చేల మీదికి ఎక్కుతుంది. దర్గా హొన్నూరు, గోవిందవాడ వైపు ఏకంగా దిబ్బలే వేసింది. తుంగభద్ర ఎగువ కాలువ నీటితో వరి పండే మడులూ, పెద్ద చెరువూ ఉన్నది ఇదే మండలంలో కావడం ఒక వింత. అయినా జిల్లా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. గాలికి మాత్రం కరువు లేదు. రామగిరి నుంచి ఉరవకొండ దాకా గుట్టల మీద గాలిమరలు నాటింది అందుకే.

ఏటి ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో దానిది 7వ మెట్టు, మనిషి గోరు రెండున్నర దగ్గరే ఆగిపోతుంది. తోలు పైన మెరుపు కోసం, రంగు నిలవడం కోసం వేసే పూత మిల్లీమీటరులో కొన్ని వందో వంతుల మందమే. ధూళి పట్టిన సంచిని చేతికందిన గుడ్డతో గట్టిగా రుద్దితే ఆ గుడ్డే గరుకు కాగితమవుతుంది. శుభ్రం చేశామన్న తృప్తి మిగులుతుంది, పూత మీద సన్నని గీతలూ మిగులుతాయి. ఏడాది తిరిగేసరికి సంచి మూలలు తెల్లబోవడానికి కారణం చాలాసార్లు వాడకం కాదు, తుడవడం.

తంగేడు చెక్క నుంచి క్రోమియం దాకా

సంరక్షణ ఎలాగో తెలియాలంటే ముందు తోలు ఏమిటో తెలియాలి. పచ్చి చర్మంలో నీరు పోగా మిగిలే దానిలో ముఖ్యమైనది కొల్లాజెన్ అనే మాంసకృత్తు. అది పోగుపోగులుగా అల్లుకుని ఉంటుంది. అలాగే వదిలేస్తే తడిసినప్పుడు కుళ్లుతుంది, ఎండినప్పుడు పోగులు ఒకదానికొకటి అతుక్కుని రేకులా బిగుసుకుంటుంది. సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుకలు తీసి, చెట్ల చెక్కల కషాయంలోనో లోహ లవణాల్లోనో ఊరవేస్తే ఆ పోగుల మధ్య కొత్త బంధాలు పడతాయి. పచ్చి చర్మం తోలుగా మారేది అక్కడే.

రాయలసీమ మెట్ట నేలల్లో దారి పొడవునా పచ్చగా పూసే తంగేడు దక్షిణ భారతపు తోలు పరిశ్రమకు ఒకప్పుడు మూలస్తంభం. ఊరి చివర లందల్లో మాదిగ కులస్థులు తంగేడు చెక్క, కరక్కాయ, తుమ్మ చెక్కలతో ఊరవేసిన తోళ్లే రైతు చెప్పులకీ, ఎద్దుల మెడపట్టెడలకీ, చెర్నాకోలలకీ, బావి నీళ్లు తోడే కపిల బానలకీ ఆధారం. వ్యవసాయం ఆ చేతుల మీద నడిచింది. ఆ చేతులకు దక్కిన మర్యాద మాత్రం తక్కువ. మద్రాసు రేవు నుంచి విదేశాలకు వెళ్లిన తోళ్లలోనూ తంగేడు చెక్కతో ఊరినవి ఎక్కువగా ఉండేవి. తంగేడుకు ఒక లోపం ఉంది. దానితో ఊరిన తోలు లేత రంగులో అందంగా ఉంటుంది కానీ వెలుతురు తగిలేకొద్దీ ఎర్రబారుతుంది. ఆఖరున కరక్కాయ నీళ్లలో ముంచి తీయడం ఆ ఎర్రదనాన్ని ఆపడానికే. ఇప్పుడు తంగేడు స్థానంలో ఎక్కువగా ఆస్ట్రేలియా నుంచి వ్యాపించిన వాటిల్ చెట్టు బెరడు వాడుతున్నారు.

క్రోమియం లవణాలతో తోలు ఊరవేసే పద్ధతికి 1884లో అమెరికాలో అగస్టస్ షుల్ట్జ్ పేటెంటు పొందాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ 1903 ప్రాంతంలో దీని మీద ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఆయన దృష్టి బూట్ల మీద కన్నా బావుల మీద ఉండటం విశేషం: రోజంతా నీళ్లలో మునిగి తేలే కపిల బాన త్వరగా చివకకుండా ఉండాలన్నది ఆలోచన. మోటార్లు వచ్చి కపిలలు పోయాయి, క్రోమియం తోలు నిలిచింది. నేటి సంచుల్లో, పర్సుల్లో అధిక భాగం దానితో చేసినవే.

ఈ చరిత్రలో తెలుగువారి పేరు ఒకటి పెద్దక్షరాల్లో ఉంది. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ తోలు శాస్త్రాన్నే చదువుగా ఎంచుకున్నారు. 1948లో మద్రాసులో ఏర్పడిన కేంద్ర తోలు పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 దాకా డైరెక్టరుగా ఉండి, ఆ తర్వాత దేశంలోని శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి మొత్తానికీ సారథ్యం వహించారు. 1985 జూన్ 23న కనిష్క విమానం పేలుడులో మరణించారు. అంటరాని పనిగా దూరం పెట్టిన వృత్తిని ప్రయోగశాలలోకి తెచ్చి కూర్చోబెట్టిన తరం అది.

చేతిలో ఉన్నది ఏ తోలు?

చెక్కతో ఊరిన తోలు కాస్త బిగువుగా, అంచున లోపలి దాకా గోధుమ రంగులో ఉంటుంది. క్రోమియం తోలు మెత్తన. కోసిన అంచులో తరచు బూడిద రంగో లేత నీలమో తొంగిచూస్తుంది. మొదటిది ఎండకు రంగు మారుతుంది, నీళ్లకు మరక పడుతుంది, నూనెను ఇట్టే తాగేస్తుంది. రెండోది వేడికీ నీటికీ ఎక్కువ ఓర్చుకుంటుంది. మూడోది ఒకటుంది, తోలే కానిది. బట్ట మీద ప్లాస్టిక్ పూత పూసిన రెక్సిన్ అది. దాని పాలీయురెథేన్ రకం గాలిలోని తేమతోనే విడిపోతుంది. నాలుగైదేళ్లకు పొరలు పొరలుగా రాలిపోయే సంచి అదే. దానికి ఏ నూనె రాసినా ప్రయోజనం లేదు. అమ్మేవాడి మాట కన్నా అంచు నమ్మదగినది. తోలైతే కోసిన చోట పీచు కనిపిస్తుంది, రెక్సినైతే నేత కనిపిస్తుంది.

పైపూత సంగతి తేల్చడానికి ఒక నీటిచుక్క చాలు. బయటికి కనిపించని చోట, అడుగునో పట్టీ లోపలి వైపో, ఒక్క చుక్క వేసి నిమిషం చూడాలి. చుక్క ముత్యంలా నిలిస్తే గట్టి పూత ఉన్నట్టు; తడిగుడ్డతో తుడవవచ్చు. మెల్లగా ఇంకి నల్లబడితే పూత లేని తోలు. దానికి నీళ్లూ నూనెలూ అన్నీ ఆలోచించి పెట్టాలి. మఖమలులా నూగు తేలిన స్వెడ్ రకాలకు నీటిచుక్క పరీక్ష కూడా వద్దు. అవి బ్రష్షుకు తప్ప దేనికీ లొంగవు. నిజానికి ఇసుకగాలి ఊళ్లో స్వెడ్ సంచి కొనడమే తొందరపాటు.

దులపడం, తుడవడం

ముందు దులపడం, తర్వాతే తుడవడం. గాలికాలంలో, అంటే మే నెలాఖరు నుంచి ఆగస్టు దాకా, బయటికి తీసుకెళ్లిన సంచిని ఇంటికి రాగానే మెత్తటి కుచ్చు బ్రష్షుతో పైనుంచి కిందికి దులపాలి. బూట్ల బ్రష్షు కొత్తదైతే అదే చాలు. కుట్ల వెంబడి, మడతల్లో, జిప్పు పళ్ల మధ్య ఇసుక కూరుకుపోయి ఉంటుంది. కుట్టులో చేరిన రేణువు సంచి కదిలినప్పుడల్లా దారాన్ని కోస్తూనే ఉంటుంది. అందుకే సంచులు ముందు తెగేది తోలు దగ్గర కాదు, కుట్టు దగ్గర. లోపలి గుడ్డను బయటికి లాగి దులపడం చాలామంది మరిచేపోతారు. జిప్పు బిగుసుకుంటే నూనె వేయకూడదు. ఇసుక మరింత అంటుకుంటుంది. పళ్ల మీద కొవ్వొత్తి ముక్కతో ఒకసారి గీస్తే సరి.

దులిపాక పిండిన తడిగుడ్డ. ఇక్కడ నీళ్ల సంగతి చెప్పుకోవాలి. అనంతపురం బోరునీళ్లలో ఫ్లోరైడు గురించి అందరికీ తెలుసు. మిగతా లవణాలూ తక్కువేమీ కాదు. బిందెల అడుగున తెల్లగా పేరుకునేది తోలు మీదా పేరుకుంటుంది. బోరునీళ్లతో తుడిచిన నల్ల సంచి ఆరాక బూడిద చారలు తేలడం అందుకే. తాగడానికి తెచ్చుకునే శుద్ధి నీళ్ల క్యానులోంచి అరగ్లాసు తీసుకుంటే ఈ బెడద ఉండదు.

సబ్బు విషయంలో లెక్క ఇంకోటి. తోలు స్వభావం ఆమ్లం. దాని పీహెచ్ 3.5కూ 5కూ మధ్య ఉంటుంది. బట్టల సబ్బు, సోడా క్షారాలు. ఒకసారికి ఏమీ కనిపించదు కానీ పదేపదే రుద్దితే ఊరవేతలో పడిన బంధాలు వదులై, లోపలి కొవ్వు కరిగి తోలు పెళుసెక్కుతుంది. మరీ మురికైతే పిల్లల షాంపూ రెండు చుక్కలు నీళ్లలో కలిపి, నురగతో మాత్రమే తుడిచి, వెంటనే ఉత్త తడిగుడ్డతో మళ్లీ తుడవాలి. కరోనా కాలంలో ప్రతి సంచిలోనూ చేరిన శానిటైజరు పూతకు యముడు. అందులోని ఆల్కహాలు రంగును ఊడ్చేస్తుంది. సీసా కారిన సంచికి చికిత్స లేదు, మళ్లీ రంగు వేయించుకోవడమే. నూనె మరక పడితే నీళ్లు పోయకుండా పౌడరో సుద్దపొడో చల్లి రాత్రంతా వదిలేస్తే చాలావరకు పీల్చుకుంటుంది.

కొత్త జీన్స్ నీలం లేతరంగు సంచికి అంటుకోవడం కణేకల్ చుట్టుపక్కల మామూలు ఫిర్యాదు కావడంలో ఆశ్చర్యం లేదు. పక్కనున్న రాయదుర్గం జీన్స్ కుట్టే ఊరు. ఆ నీలం పూత లోపలికి దిగితే రాదు. రెండు ఉతుకులు పడే దాకా ఆ ప్యాంటునూ ఆ సంచినీ ఎడంగా ఉంచడమే మార్గం.

నూనె ఎంత, ఏది?

తోలు ఎండిపోయిందంటే నూనె పెట్టాలన్నది మన ఇళ్లలో పాతుకుపోయిన నమ్మకం. దీని వెనక న్యాయం లేకపోలేదు. కిర్రు చెప్పులకీ, కపిల బానకీ, తోలు వారులకీ ఆముదం పట్టించిన చేతులవి. చెక్కతో ఊరి, పూతలేవీ లేక, రోజూ నీళ్లలో బురదలో నానే తోలుకు అది సరైన మందు. ఆముదం చిక్కన, త్వరగా ముక్కదు, గాలికి గట్టిపడి జిగురు కాదు. పూత పూసిన క్రోమియం సంచికి అదే ఆముదం పైపైన జిడ్డుగా నిలుస్తుంది. ఆ జిడ్డు మీద హగరి ఇసుక వచ్చి కూర్చుంటుంది. ఇక చెప్పేదేముంది!

వేరుశనగ జిల్లాలో చేతికి ముందుగా అందేది వేరుశనగ నూనె. అది తోలుకు పనికిరాదు. కొంతకాలానికి గాలి తగిలి ముక్కిపోతుంది, వాసన పడుతుంది, బంకసాగుతుంది. కొబ్బరినూనె ముక్కడం ఆలస్యమే కానీ తోలును నల్లబరుస్తుంది, మరీ ఎక్కువైతే పోగుల పట్టు సడలి సంచి ఆకారం జారుతుంది. బూట్ల పాలిష్ మైనపు పూత. బూటుకు సరే, భుజాన వేసుకునే సంచికి రాస్తే చొక్కా నల్లనవుతుంది. అంగట్లో దొరికే తోలు క్రీముల్లో గొర్రె ఉన్నికొవ్వు, అంటే లానోలిన్, ఉన్నవి మేలు. గొర్రెల మందలకు పేరుపడ్డ జిల్లాకు ఆ సరుకు డబ్బాల్లో దూరం నుంచి రావడం వేరే కథ.

పూత ఉన్న సంచికి ఏడాదికి రెండుసార్లు చాలు: ఎండలు ముదిరే ముందు ఫిబ్రవరిలో ఒకసారి, గాలికాలం వెళ్లాక సెప్టెంబరులో ఒకసారి. శనగగింజంత క్రీము మెత్తటి బనియను గుడ్డకు అద్ది, పలచగా పామి, పావుగంట ఆగి పొడిగుడ్డతో తుడిచేయాలి. పూత లేని తోలుకు ఎండాకాలంలో నెలకోసారైనా తప్పదు. తోలు తన బరువులో సుమారు 12 నుంచి 18 శాతం దాకా నీటిని పట్టుకుని ఉంటేనే వంగుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నపు వడగాలి ఆ నీటిని లాగేస్తుంది. క్రీము ఆ నీటిని తిరిగి ఇవ్వదు, పోయే వేగాన్ని తగ్గిస్తుంది, పోగుల మధ్య జారుడు కలిగిస్తుంది. ఇదొక్కటి తెలిస్తే అతిగా రాయడం దానంతటదే తగ్గుతుంది.

ఎండ, వేడి, వాన

కారు అద్దాల వెనక, బైకు హ్యాండిలుకు తగిలించి, మేడ మీద తీగ మీద: సంచులు పాడయ్యే చోట్లు ఇవే. పొడి తోలు కొంత వేడికి ఓర్చుకుంటుంది. తడిసిన తోలు అలా కాదు. పచ్చి చర్మం తడిమీద 60–65 డిగ్రీలకే ముడుచుకుపోతుంది, చెక్కతో ఊరినది 80 దగ్గర. క్రోమియందైతే నీళ్లు మరిగే వేడి దాకా నిలుస్తుంది. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద 70 డిగ్రీలు పెద్ద వింత కాదు. వానలో తడిసిన పర్సును ఎండలోనో పొయ్యి పక్కనో ఆరబెట్టడం కన్నా దానికి చేయగల అపకారం మరొకటి లేదు. లోపల తెల్ల కాగితాలు కుక్కి, నీడలో, గాలి తగిలే చోట రెండు మూడు రోజులు వదిలేయాలి. పాత దినపత్రిక వద్దు, సిరా అంటుతుంది. పూర్తిగా ఆరక ముందే, కొద్దిగా చెమ్మ ఉండగా క్రీము రాస్తే పోగులు బిగుసుకోవు.

సెప్టెంబరు, అక్టోబరుల్లో ఈ మెట్ట మీదికి వానలు వస్తాయి. మూసిన బీరువాలో బూజు పట్టేది అప్పుడే. గాలిలో తేమ 70 శాతం దాటి కొన్నాళ్లు నిలిస్తే బూజుకు అంతకన్నా ఏమీ అక్కర్లేదు. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన సంచి కంటే పాత నూలు దిండుగలీబులో పెట్టినది క్షేమం. వేపాకు పురుగును కొంత దూరం పెడుతుంది కానీ పచ్చి ఆకు తెచ్చి లోపల వేస్తే అదే చెమ్మకు మూలం. బాగా ఎండినదే వేయాలి. తెల్లమచ్చ కనిపించిన ప్రతిసారీ బూజనుకోనక్కర్లేదు. లోపలి కొవ్వు పైకి తేలినా తెల్లగా పొడిలా ఉంటుంది. జుట్టు ఆరబెట్టే యంత్రంతో దూరం నుంచి కాస్త వేడి చూపిస్తే కొవ్వు కరిగి కనిపించకుండా పోతుంది, బూజు కదలదు, పైగా ముక్కిన వాసన వేస్తుంది. బూజైతే ఇంటి బయట పొడిబ్రష్షుతో దులిపి ఒక పూట నీడగాలికి ఉంచాలి.

చిన్న వస్తువులకు వచ్చే చిక్కు చెమట. గడియారం పట్టీ, బెల్టు లోపలి వైపు ఉప్పు పేరుకుని తోలును కొరుకుతుంది. ఒకే పట్టీని రోజూ కట్టకుండా రోజు మార్చి రోజు వాడితే ఆరడానికి వ్యవధి దొరుకుతుంది. బెల్టును చుట్ట చుట్టడం కన్నా బకిల్ పట్టుకుని వేలాడదీయడం మేలు. సంచిని మాత్రం పట్టీతో వేలాడదీయకూడదు, కూర్చోబెట్టాలి. ఇత్తడి బకిళ్ల చుట్టూ పచ్చగా మైనంలా పేరుకునేది తోలులోని కొవ్వుకూ రాగికీ పడిన పొత్తు. దాన్ని వెదురు పుల్లతో గీకి పొడిగుడ్డతో తుడిస్తే చాలు. ఇత్తడి అనగానే చింతపండు అందుకునే అలవాటు ఇక్కడ చేటు; ఆ పులుపూ ఉప్పూ ఇత్తడిని మెరిపిస్తాయి, చుట్టూ ఉన్న తోలుకు మరక పెడతాయి.

ఊరవేయని తోలు

పాత అనంతపురం జిల్లా తోలు పని అనగానే లోకానికి గుర్తొచ్చేది ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట. 2022 జిల్లాల విభజనతో ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. తోలుబొమ్మలాట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది ఈ ఊరి విద్యకే. ఆట చూసేవారు తగ్గాక అక్కడి కుటుంబాలు అదే మేకతోలుతో దీపాల గూళ్లు, గోడ బొమ్మలు, తలుపు తోరణాలు చేసి అమ్ముతున్నాయి. కొన్నవారు వీటిని తోలుసంచిలాగే చూసుకోబోయి పాడుచేస్తారు. బొమ్మతోలు అసలు ఊరవేసిన తోలే కాదు. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, బొచ్చు గీకి, లాగి ఆరబెట్టిన పచ్చి చర్మం. వెలుగు దానిగుండా దూరేది అందువల్లే. తప్పెటను వాయించే ముందు మంట మీద కాచి బిగించడంలో పనిచేసే సూత్రమే ఇక్కడా: చెమ్మ పోతే బిగుస్తుంది, చెమ్మ చేరితే సాగుతుంది.

అందుకే దానికి తడిగుడ్డా క్రీమూ రెండూ నిషిద్ధం. తడి తగిలితే రంగులు కారతాయి, చర్మం ముడతలు పడుతుంది. నూనె తగిలిన చోట మచ్చ శాశ్వతం. మెత్తటి పొడిబ్రష్షుతో చిల్లుల వెంబడి ధూళి తీస్తే పనైపోయినట్టే. దీపపు గూటిలో పాత తీగబల్బు పెడితే దాని వేడికి చర్మం ఎండి వంపు తిరుగుతుంది. ఎల్ఈడీ బల్బు వేస్తే ఆ బాధ లేదు. విడి బొమ్మలను పరచి, మధ్యన తెల్ల కాగితాలు వేసి దాచాలి. పచ్చి చర్మం కాబట్టి తోలు తినే పురుగుకు ఇదంటే ప్రీతి ఎక్కువ. ఏడాదికి రెండు మూడుసార్లయినా విప్పి చూడాలి.

మరమ్మతు

కుట్టు ఊడినప్పుడు జిగురు ట్యూబు కొనేకన్నా చెప్పులు కుట్టేవారి దగ్గరికి వెళ్లడం తెలివైన పని. ఆరెతో పాత చిల్లుల్లోంచే మైనం పట్టిన దారం పోయమని అడగాలి. పక్కన కొత్త చిల్లులు పొడిస్తే తోలు ఆ వరస వెంబడి చిరుగుతుంది. తొందరజిగురు గట్టిపడి, వంగిన చోట పగులుతుంది. అంచు రంగు రాలితే అదే రంగు పూత దొరుకుతుంది, ఇంట్లోనే వేసుకోవచ్చు. పైపూత మాసిపోతే రంగు క్రీముతో కొంత కప్పవచ్చు. పోగుల దాకా దిగిన పగులును మాత్రం ఏ నూనే అతకదు. లోపలి నుంచి పలచని తోలు ముక్క వేసి కుట్టించి, ఆ భాగం మీద బరువు పడకుండా వాడుకోవాలి.